శ్రవణౌచిత్యము

ఒక పాట మంచిదా కాదా యను విచారణ మనకు క్రొత్త గాదు. రాగమేది, తాళమేది, సాహిత్యమునకు స్వరము తోడుపడినదా లేదా యని తర్కించుట మన సభలలో నిత్యము జరుగు పనియే. కాని ఆ పాట యే చెవిని జేరుచున్నదో ఆ చెవికి తగునా యను విచారణ మాత్రము మనలో అరుదు. పాడువాని యోగ్యతను తూచుటకు మనవద్ద తూనికరాళ్లు పెక్కు గలవు. వినువాని సుఖదుఃఖములను తూచుటకు ఒక్కటియు లేనట్లు ప్రవర్తించుచున్నాము.

నేడు ఈ ప్రశ్న తప్పించుకొనరానిదైనది. విద్యుత్తుతో మ్రోగు గిటారులు, మనిషి యెత్తున నిలుచు శబ్దపేటికలు పెండ్లిపందిళ్లలోనికి, ఊరేగింపులలోనికి, తుదకు మన ఉగాది సభలలోనికి గూడ వచ్చి చేరినవి. వానితోపాటు పడమటి దేశముల రాక్ సంగీతము, దాని ననుసరించిన మన చలనచిత్రగీతములు వచ్చినవి. యువకులు వానిని విని పరవశించుచున్నారు. అందు తప్పేమియు లేదు. కాని ఆ సభలోనే చెవులు మూసికొని తల్లి యొడిలో ముఖము దాచుకొను పసివాడు గలడు. లోచెవిలో ఎడతెగని హోరుతో వేగుచున్న వృద్ధుడు గలడు. అందరికి సామాన్యమైన ధ్వనియే సూదివలె గ్రుచ్చుకొను శ్రోత గలడు. అట్టివారికి రాక్ పాట తగునా? తగునని గాని, తగదని గాని తీర్పు చెప్పుట కెవరికి అధికారము? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇదియే.

ఈ విచారణకు పూర్వులు వేసిన బాట యొకటి యున్నది. చరకసంహిత సూత్రస్థానములోని పదునొకండవ అధ్యాయము రోగకారణములను జెప్పుచు, ఇంద్రియమునకును దాని విషయమునకును గల సంబంధము మూడు విధముల చెడునని వివరించినది. అవి అతియోగము, అయోగము, మిథ్యాయోగము. చెవి విషయమున జూచినచో, ఉరుము, భేరి, పెనుకేక మొదలగు వానిని మితిమీరి వినుట అతియోగము. ఏ శబ్దమును వినకుండుట అయోగము. పరుషవాక్కు, ఇష్టుల వినాశవార్త, భయము గొలుపు ధ్వని మొదలగు వానిని వినుట మిథ్యాయోగము.

ఇందు గమనింపదగిన విశేషములు రెండు. నిశ్శబ్దమునకు గూడ ఆ గ్రంథము దోషములలో చోటిచ్చినది. కావున సున్నితమైన చెవి గలవానిని సమస్తశబ్దమునకు దూరముగా నొక గదిలో నుంచుట వైద్యము గాదు. రెండవ విశేషము, మిథ్యాయోగమునకు శబ్దపరిమాణముతో నిమిత్తము లేదు. మెల్లగా పలికిన మాటయు మిథ్యాయోగము కావచ్చును. కావున ‘ధ్వని కొంచెము తగ్గించితిమి గదా, ఇంక బాధ యేమి?’ యను వాదము సగము సత్యము మాత్రమే.

మొదట పరిమాణమును జూతము. ధ్వనితీవ్రతను నేడు డెసిబెల్ అను మానముతో కొలుచుచున్నారు. ఈ మానము మన మూరలు, శేర్ల వంటిది గాదు. పది డెసిబెల్లులు పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును. చెవికి మాత్రము ఇంచుమించు రెట్టింపైనట్లు తోచును. చెవికి తోచుట తక్కువ, చెవిపై బడు భారము ఎక్కువ. ఆపద యంతయు ఈ భేదములోనే దాగియున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ననుసరించి 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్లులైనచో 4 గంటలకు మించరాదు. ఆ సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము సంగీతశాలలలో పదునైదు నిమిషముల సగటు 100 డెసిబెల్లులను దాటరాదు. రాక్ సంగీతము ఈ హద్దులను తరచు దాటినది. ‘ది హూ’ అను ఆంగ్లేయ బృందము 1976 మే 31వ తేదీన లండను నగరమున చేసిన కచేరిలో 32 మీటర్ల దూరమున 126 డెసిబెల్లులు నమోదైనవి. కొంతకాలము అది యొక ఘనతగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. తరువాత ఆ గ్రంథకర్తలే చెవులకు చేటు గలిగించు పోటీని ప్రోత్సహింపరాదని ఆ విభాగమును విడిచిపెట్టిరి. ఆ బృందపు గిటారువాది పీట్ టౌన్‌షెండ్ తన చెవిహోరును గూర్చి పెక్కుమారులు బహిరంగముగా చెప్పియున్నాడు. శబ్దము వినువానినే గాదు, చేయువానిని గూడ విడువదు.

పైని చెప్పినవి సామాన్యమైన చెవికి ఏర్పరచిన లెక్కలు. సున్నితమైన చెవికి లెక్క వేరు. కొందరికి నిత్యజీవితములోని మామూలు ధ్వనులే భరింపరాని తీవ్రతతో వినబడును; దీనిని వైద్యులు హైపరాక్యూసిస్ అందురు. మరికొందరికి నమలుట, గుటకవేయుట వంటి కొన్ని ప్రత్యేకధ్వనులు మాత్రమే పట్టరాని చిరాకును పుట్టించును. ఆ స్థితికి 2001 ప్రాంతమున మిసోఫోనియా యను పేరు పెట్టిరి. ఆటిజము గల పిల్లలలో అనేకులు శబ్దమునకు తీవ్రముగా చలింతురు. మరికొందరు అదే శబ్దమును వెదకికొని పోవుదురు. అమెరికా దేశపు మనోవైద్యులు 2013లో సవరించిన రోగనిర్ణయ గ్రంథము ఈ ఇంద్రియస్పందన భేదమును ఆటిజము లక్షణములలో నొకటిగా చేర్చినది. ఇది మొండితనము గాదు, పెంపకపు లోపము గాదు. శరీరము లోకమును గ్రహించు తీరులోని భేదము.

ఇక పాటను పరీక్షించు పద్ధతికి వత్తము. రాక్ అను పేరు వినగానే తగదని త్రోసివేయుట న్యాయము గాదు. ఇంగ్లండు దేశపు ‘క్వీన్’ బృందము పాటలు రెండింటిని గైకొందము. ఆ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మన దేశమున పంచగని పాఠశాలలో చదువుకొన్నవాడు. 1977లో వెలువడిన ‘వి విల్ రాక్ యు’ అను పాట పాదముల తాటింపు రెండు, చప్పట యొకటి, మరల పాదములు, మరల చప్పట అను వరుసతో నడచును. ఆ వరుస మొదటి నుండి మారదు. గిటారు తుదిలోగాని విజృంభింపదు. కోలాటము, చెక్కభజన ఎరిగిన మనకు ఈ నడక అపరిచితము గాదు. పెక్కుమంది కలసి పాడు పాటయే యైనను, తరువాత వచ్చునదేమో వినువానికి ముందే తెలియును.

1975లో వెలువడిన ‘బొహీమియన్ రాప్సొడీ’ తీరు వేరు. ఆరు నిమిషములకు కొంచెము తక్కువగా నుండు ఆ పాట పియానోతో మెల్లగా సాగి, మూడవ నిమిషము చెంత నాటకఫక్కిని అనేక కంఠముల కలగలుపుగా మారి, నాలుగవ నిమిషము దాటిన పిదప గిటారుల హోరుగా విరుచుకొనిపడి, తుదకు మరల శాంతించును. కళాదృష్టితో జూచిన ఇది రెండింటిలో గొప్పదని అనేకుల అభిప్రాయము. శబ్దసున్నితులైన శ్రోతలలో పెక్కుమందికి మాత్రము ఇదియే కష్టతరము. మధ్యచెవిలో స్టెపీడియస్ అను మిక్కిలి చిన్న కండర మొకటి యున్నది. పెద్దధ్వని వచ్చినపుడు అది బిగిసికొని లోచెవిని కొంతవరకు కాపాడును. కాని అది బిగియుటకు క్షణములో నొక అంశ పట్టును. హఠాత్తుగా వచ్చిన ధ్వని ఆ లోపలనే ద్వారము దాటిపోవును. కావున తీవ్రత యొక్కటియే గాక, ఆకస్మికత, కరుకుదనము, ఒకేమారు మ్రోగు వాద్యముల సంఖ్య, ముందుగా ఊహింపగల క్రమము ఉండుటయు లేకుండుటయు పరీక్షింపవలసి యుండును. ‘రాక్ తగదు’ అనుట కంటె, ‘ఈ పాటలో నాలుగవ నిమిషము దాటిన పిదప హోరు గలదు’ అని చెప్పుట వేయిరెట్లు ఉపయోగము. మొదటిది తీర్పు, రెండవది సమాచారము. సున్నితుడైన శ్రోతకు కావలసినది రెండవది.

ఈ సత్యమును గ్రహించుటకు మనము ఇంగ్లండు దాక పోనక్కరలేదు. బరంపురమునకు చేరువనున్న మార్కండి వంటి తీరగ్రామమున నిలుచుండి వినిన చాలును. గంజాము తీరమున ఒడియావారు నొలియాలని పిలుచు మన తెలుగు మత్స్యకారుల కుటుంబములు తరతరములుగా సముద్రఘోషలో జీవించుచున్నవి. ఆ ఘోష స్వల్పమైనది గాదు. అయినను తొట్టిలోని బిడ్డ దానికి ఉలికిపడదు. అదియే జోలగా నిదురించును. అల వచ్చును, విరుగును, వెనుకకు మరలును. మరల వచ్చునని చెవికి తెలియును. అదే బిడ్డ ఇంటిముందు హఠాత్తుగా మ్రోగిన మోటారుకూతకు గుక్కపట్టి యేడ్చును. ఇక మిథ్యాయోగమన నేమో ఆ తీరవాసులకు చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినది. ఆ రాత్రి గాలి యెట్లు అరచినదో విన్నవారికి, తరువాత రేకుల కప్పుపై గాలి చప్పుడు వట్టి చప్పుడుగా వినబడకపోవుట వింతగాదు. ధ్వని చెవిలో బుట్టి చెవిలోనే ముగియునది గాదు. స్మృతితో గలసి పోవును.

ఇపుడు అసలు చిక్కు వచ్చును. ఒకని చెవిలోని బాధ మరియొకనికి కానరాదు. కాలు విరిగినచో కట్టు కనబడును. శబ్దబాధకు కట్టు లేదు. ‘మాకు లేని బాధ నీకేల?’ యని పదిమంది యడిగినపుడు ఆ యొక్కడు దేనిని జూపగలడు? మన తార్కికులు ప్రమాణములు నాలుగని చెప్పిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. పరుని బాధ మనకు ప్రత్యక్షము గాదు. ‘నా చెవివంటిదే వాని చెవి’ యను ఉపమానమే ఇచ్చట మనలను పెడత్రోవ పట్టించుచున్నది. కాగా మిగిలినవి రెండు. శబ్దప్రమాణమనగా నమ్మదగినవాని మాట. తన బాధ విషయమున బాధపడువానికంటె ఆప్తుడెవ్వడు? శబ్దబాధకు శబ్దమే ప్రమాణము. మాట రాని పసివాని విషయమున, చెవులు మూసికొనుట, పారిపోవుట, ఊగుట, ఉన్నట్లుండి కోపించుట మొదలగు చిహ్నములనుబట్టి అనుమానము చేయవలెను. పొగను జూచి నిప్పును నమ్మువారము, చెవులపై చేతులను జూచి బాధను నమ్మకుండుటకు కారణము లేదు.

రసశాస్త్రము గూడ ఈ మాటనే వేరొక తీరున చెప్పినది. అభినవగుప్తుడు రసాస్వాదనకు విఘ్నములను ఏడింటిని లెక్కించెను. అందొకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడై యుండుట. చెవి నొచ్చుచున్నవాడు సహృదయుడైనను రసము ననుభవింపలేడు. అతడు లేచిపోయినచో అది గాయకునికి అవమానము గాదు, సంగీతద్వేషమును గాదు. రసమునకు అడ్డువచ్చిన దానిని తొలగించుకొను ప్రయత్నము మాత్రమే.

దీనికి ప్రతివాదము గలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ‘హోరే రాక్ పాటకు ప్రాణము. హోరు తీసివేసినచో మిగులునది పాట గాదు. ఒక్కని కొరకు నూరుగురి యానందమును చంపుదురా?’ యని యువకులు అడుగుదురు. ఇందు సత్యమున్నది. నారదీయశిక్ష గానమునకు గుణములు పదింటిని జెప్పుచు, సుకుమారమును మధురమును చెప్పిన నోటనే వికృష్టమును, అనగా ఎలుగెత్తి స్పష్టముగ పాడుటను, గుణముగ చెప్పినది. బిగ్గరతనము స్వతః పాపము గాదు. రెండేండ్ల కొకమారు బరంపురమున జరుగు బుఢీ ఠాకురాణి జాతరలో పులివేషముల వెంట మ్రోగు వాద్యములను మెల్లగా వాయింపుడనిన ఆ జాతరయే యుండదు. అంతియగాక, శబ్దసున్నితులలోనే రాక్ సంగీతప్రియులు కలరు. తమ చేతిలో మీట యుండి, ఎప్పుడు పెంచవలెనో ఎప్పుడు ఆపవలెనో తామే నిర్ణయించుకొనగలిగినపుడు, అదే హోరు కొందరికి ఊరటగా నుండును. వారి మేలుకోరి వారికి పాటను నిషేధించుట మరియొక విధమగు అన్యాయము.

కావున దోషము పాటలో లేదు, చెవిలోను లేదు. అంగీకారము లేకుండ ఆ రెండింటిని ముడిపెట్టుటలో నున్నది. టిక్కెట్టు కొని కచేరికి పోయినవాడు ఆ హోరును కోరికొన్నాడు. వీధిలో తన యింట పరుండినవాడు కోరికొనలేదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు ఈ భేదమును గుర్తించినవే. నివాసప్రదేశములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానములకు నూరు మీటర్లలోపల ప్రకటింపబడు నిశ్శబ్దమండలములలో 50, 40. రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు బయట లౌడుస్పీకరు మ్రోగరాదు. పండుగదినములలో ప్రభుత్వము రాత్రి పండ్రెండు గంటల వరకు అనుమతింపవచ్చును గాని, అట్టి దినములు ఏడాదికి పదునైదింటిని మించరాదు. అదే యేట మద్రాసు నగరములోని యొక ప్రార్థనామందిరపు వివాదమున సుప్రీంకోర్టు, ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థింపుమని ఏ మతమును విధింపలేదని తీర్పు చెప్పినది. అయినను చట్టము కొలుచునది సామాన్యమైన చెవినే. హద్దునకు లోబడిన ధ్వనియు ఒకనికి బాధ కావచ్చును. అచ్చట చట్టము ముగియును, ధర్మము మొదలగును.

ఈ ధర్మము మనకు తక్కినవారికంటె సులభముగ తెలియవలసినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమై, అంతవరకు మద్రాసు రాజధానిలో నుండిన బరంపురము అందు చేరినది. ఆ నాటినుండి మనము సంఖ్యలో స్వల్పులమై జీవించుచున్నాము. బడిలో, కచేరిలో, అంగడిలో పదిమంది భాష వేరు, మన యింటి భాష వేరు. ‘మీరు కొందరే గదా, సర్దుకొనుడు’ అను మాట యెంత మర్యాదగా పలికినను ఎట్లు గ్రుచ్చుకొనునో మనమెరుగుదుము. సంఖ్య అధికమైనంత మాత్రమున న్యాయము అధికము గాదని వాదించి మన భాషను నిలుపుకొన్నవారము, మన సభలోనే చెవి వేరైన యొక్కనితో ‘సర్దుకొనుము’ అనవచ్చునా? మరియొక ప్రలోభము గూడ మనకున్నది. స్వల్పసంఖ్యాకులకు మైకు ఉనికికి గుర్తుగా తోచును. మన పాట వీధి చివర దాక వినబడినగాని మనమున్నట్లు లోకమునకు తెలియదని భ్రమింతుము. భాష నిలుచుట యింటిలో పిల్లలు పలుకుటవలన గాని, స్తంభమునకు గట్టిన లౌడుస్పీకరు వలన గాదు.

వినుట యొక్క విలువను ఈ జిల్లాయే లోకమునకు చూపినది. అప్పటి గంజాము జిల్లాలోని పర్లాకిమిడిలో నుపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) సవరల భాషను వారి నోటనే విని నేర్చుకొనుటకు కొండలలో తిరిగిరి. సవరలు ఆ జిల్లాలో స్వల్పసంఖ్యాకులు. వారి భాషకు లిపి గాని పుస్తకము గాని నాడు లేకుండెను. ఆ మన్యపు జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను వలన పంతులుగారికి చెముడు వచ్చి జీవితాంతము విడువలేదు. ఎవరును చెవియొగ్గని జనుల మాటను వినుటకై తన చెవిని పోగొట్టుకొన్న మహనీయుని జిల్లా యిది. వినుట యన ఒకనికి చోటిచ్చుట యని ఆయన జీవితము చెప్పుచున్నది.

చేయవలసిన పనులు పెద్దవి గావు. కార్యక్రమపత్రముపై ఏ యంశమున వాద్యఘోష యెక్కువో ఒక గుర్తు నుంచిన చాలును. శబ్దపేటికలకు దూరముగా, ద్వారమునకు చేరువగా కొన్ని కుర్చీలను కేటాయింపవచ్చును. ధ్వనిని ఒక్కమారుగా గాక మెల్లమెల్లగా పెంచవచ్చును. చెవులకు కప్పులు పెట్టుకొని వచ్చిన బాలుని వింతగా చూడకుండుట నేర్చుకొనవచ్చును. ప్రక్కగది యొకటి తలుపు వేసి నిశ్శబ్దముగా నుంచినచో, బయటికి వచ్చిన తల్లి బిడ్డతో ఇంటికి మరలిపోక, తరువాతి పాటకు మరల లోనికి రాగలదు. అన్నిటికి మించి, ‘ఈ పాట నీకు తగునా?’ యని ముందుగా అడుగవలెను. వచ్చిన ప్రత్యుత్తరమును నమ్మవలెను. యువకుల గిటారు మ్రోగనిండు. ఆ మ్రోతలో ‘కొంచెము ఆగుడు’ అను సన్ననిమాట యొకటి వినబడినచో దానికి గూడ మన సభలో చోటుండవలెను.